సోయా గింజ తినండి, బిళ్ళ మాత్రం వద్దు

పోయిన నెల ఈ శీర్షికలో ముట్లుడిగాక ఎముకలు ఎందుకు గుల్లబారతాయో రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే ప్రశ్న. సోయాలో, అవిసెల్లో, నువ్వుల్లో మొక్కల ఈస్ట్రోజెన్ ఉందట కదా, అవి తింటే ఇక మందులు అక్కర్లేదా అని. అందుకే ఈ నెల మొత్తం దీనికే కేటాయిస్తున్నాను. ఉత్తరాలను కొంచెం కుదించాను, పేర్లు తీసేశాను.

ప్రశ్న: మేడమ్, నాకు 52 ఏళ్లు. పీరియడ్స్ ఆగి మూడేళ్లయింది. ఆఫీసు హెల్త్ చెకప్‌లో డెక్సా స్కాన్ తీస్తే నడుము దగ్గర టీ స్కోర్ మైనస్ 2.1, తుంటి దగ్గర మైనస్ 1.6 అని వచ్చింది. డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయి సోయా ఐసోఫ్లేవోన్ల సీసాలు ఆరు పంపింది. ఇది మొక్కల నుంచి తీసింది మమ్మీ, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు అంటోంది. నాకు థైరాయిడ్ మాత్ర కూడా ఉంది. వేసుకోమంటారా? – ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ఆ సీసాలు పక్కన పెట్టేయండమ్మా. అమ్మాయి ప్రేమతో పంపింది, కాదనను, కానీ వాటివల్ల మీ ఎముకకు పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఎందుకో కొంచెం వివరంగానే చెప్తాను, ఫోన్‌లో అమ్మాయికి కూడా చదివి వినిపించండి.

ముందు మీ రిపోర్టు. డెక్సా అంటే ఎముక సాంద్రతను కొలిచే స్కాన్, టీ స్కోర్ అంటే ఆరోగ్యంగా ఉన్న యువతుల ఎముకతో పోలిస్తే మీది ఎంత తగ్గిందో చెప్పే అంకె. టీ స్కోర్ మైనస్ 1 దాకా మామూలే. మైనస్ 1కీ మైనస్ 2.5కీ మధ్య ఉంటే ఆస్టియోపీనియా, అంటే ఎముక పలచబడుతోందని. మైనస్ 2.5కి చేరినా, అంతకన్నా కిందికి పోయినా ఆస్టియోపోరోసిస్, ఎముక గుల్లబారిందని. మీరు మధ్యలో ఉన్నారు, నడుము దగ్గర మాత్రం ఆ గీతకు బాగా దగ్గరికొచ్చారు. కంగారు పడాల్సిన పని లేదు గానీ, చూద్దాంలే అని వదిలేయడానికి అసలు లేదు, ఎందుకంటే పీరియడ్స్ ఆగిన మొదటి ఐదారేళ్లే ఎముక అన్నిటికన్నా వేగంగా కరిగే కాలం, ఆ కాస్త సమయంలోనే ఎముక సాంద్రతలో 20 శాతం దాకా పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు.

ఎముక అంటే రాయి కాదు. పాత ఎముకను తవ్వి తీసే కణాలు కొన్ని, ఆ గుంతను కొత్త ఎముకతో పూడ్చే కణాలు కొన్ని, మనం నిద్రపోతున్నా సరే పని చేస్తూనే ఉంటాయి. తవ్వే కణాలకు కళ్లెం వేసి ఉంచేది ఈస్ట్రోజెన్. అండాశయాలు దాన్ని తయారుచేయడం ఆపేయగానే ఆ కళ్లెం వదులైపోతుంది, తవ్వకం పెరిగిపోతుంది, పూడ్చే కణాలు ఆ వేగాన్ని అందుకోలేవు.

సోయా గింజలో జెనిస్టీన్, డైడ్జీన్ అని ఐసోఫ్లేవోన్లు ఉంటాయి. వాటి ఆకారం ఈస్ట్రోజెన్‌ని కొంత పోలి ఉంటుంది కాబట్టి, కణాల్లో ఈస్ట్రోజెన్ కూర్చునే చోట ఇవి కూడా కూర్చోగలవు. కూర్చుంటాయి గానీ దానంత గట్టిగా పని చేయించలేవు. మొక్కల ఈస్ట్రోజెన్ అనే పేరు అందుకే వచ్చింది, ఆశలన్నీ ఆ పేరు మీదే పుట్టాయి.

ఆ ఆశతోనే పరీక్షలూ చేశారు. మయామీలో 45 నుంచి 60 ఏళ్ల మధ్య ఉన్న 248 మంది ఆడవాళ్లను తీసుకున్నారు, అందరూ మీలాగే పీరియడ్స్ ఆగి ఐదేళ్లు దాటనివాళ్లు. కొందరికి రోజూ 200 మిల్లీగ్రాముల సోయా ఐసోఫ్లేవోన్లు, మిగతావాళ్లకు అచ్చం అలాగే కనిపించే మందు లేని బిళ్ళ, రెండేళ్ల పాటు ఇచ్చారు. ఆ 200 అంటే, తరతరాలుగా సోయా తినే జపాన్ ఇళ్లలో కూడా రోజువారీ తిండి నుంచి అందనంత పెద్ద మోతాదు. 2011లో ఫలితాలు బయటికొచ్చాయి. నడుము దగ్గరా, తుంటి దగ్గరా ఎముక తగ్గడంలో రెండు జట్లకూ తేడా లేదు. పైగా సోయా బిళ్ళ వేసుకున్నవాళ్లలో వేడి ఆవిర్లు, మలబద్ధకం ఎక్కువ కనిపించాయి. ఇంకో పరీక్షలో 80, 120 మిల్లీగ్రాముల చొప్పున మూడేళ్లు ఇచ్చి చూశారు, అక్కడా చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు.

మీ అమ్మాయి నెట్‌లో వెతికితే దీనికి విరుద్ధంగా ఒక ఇటలీ పరీక్ష దొరుకుతుంది, అదీ నేనే చెప్పేస్తాను. 2007లో 389 మందికి, ఎముక పలచబడినవాళ్లకే, కాల్షియం, విటమిన్ డి తోపాటు కొందరికి జెనిస్టీన్ ఒక్కదాన్నే రోజుకు 54 మిల్లీగ్రాములు రెండేళ్లిస్తే సాంద్రత పెరిగింది. అది శుద్ధి చేసిన జెనిస్టీన్, మీ సీసాలో ఉన్న కలగలుపు ఐసోఫ్లేవోన్లు కాదు. ఆ ఒక్క పరీక్షను పట్టుకుని, మిగతావాటిని పక్కకు నెట్టి మీకు బిళ్ళ వేసుకోమని చెప్పడానికి నాకు మనసొప్పదు. సీసా మీద ఇప్రిఫ్లేవోన్ అనే మాట ఉందేమో కూడా ఒకసారి చూడండి. ఉంటే అసలు ముట్టుకోవద్దు. 2001లో 474 మంది మీద చేసిన పరీక్షలో అది ఎముకను కాపాడలేదు సరికదా, కొందరిలో రోగాలతో పోరాడే లింఫోసైట్ కణాల సంఖ్యను తగ్గించేసింది.

మరి సోయా తినడం కూడా మానేయాలా అంటే, వద్దు, తినండి. షాంఘైలో ముట్లుడిగిన దాదాపు 24 వేల మందిని కొన్నేళ్లు గమనిస్తే, తిండిలో సోయా బాగా తినేవాళ్లకు ఎముకలు విరగడం తక్కువని, ముఖ్యంగా పీరియడ్స్ ఆగిన కొత్తలో ఆ తేడా ఎక్కువని 2005లో రాశారు. కానీ వాళ్లు చిన్నప్పటి నుంచీ తింటున్నవాళ్లు, వాళ్ల మిగతా తిండీ, నడకా వేరు, కాబట్టి అంతా సోయా మహిమే అనుకోకూడదు. ఇంకో సంగతుంది. డైడ్జీన్‌ను పేగుల్లోని బాక్టీరియా ఈక్వాల్ అనే పదార్థంగా మారుస్తుంది, ఈస్ట్రోజెన్‌లా పని చేయడంలో అది డైడ్జీన్ కన్నా గట్టిది. ఆ బాక్టీరియా అందరి కడుపులో ఉండదు. పాశ్చాత్య దేశాల్లో నూటికి 25, 30 మందిలో, జపాన్ లాంటి చోట్ల 50, 60 మందిలో ఉంటుందని లెక్క. ఒకే సోయా కూర ఒకే ఇంట్లో ఇద్దరు తిన్నా ఇద్దరికీ ఒకేలా పని చేయకపోవడానికి ఇదొక కారణం.

మన వంటింట్లో సోయా అంటే మీల్‌మేకరే. ఎండుగా ఉన్నప్పుడు తూచితే అందులో సగానికి సగం ప్రోటీన్. 30 గ్రాములు, అంటే రెండు గుప్పిళ్లు నానబెట్టి కూరలో వేస్తే 15 గ్రాముల ప్రోటీన్ వస్తుంది, అది ఎముకకు నిజంగా అక్కరకొచ్చేది. ఉడికించి పిండేసిన నీళ్లతో ఐసోఫ్లేవోన్లు కొంత పోతాయి, పోనివ్వండి, మనం ప్రోటీన్ కోసమే తింటున్నాం అనుకోండి. సోయా నూనెలో మాత్రం ఐసోఫ్లేవోన్లు దాదాపు ఉండవు, ఆ పేరు చెప్పి ఎవరైనా నూనె మార్చమంటే మార్చకండి. థైరాయిడ్ మాత్ర పరగడుపునే వేసుకుంటారు కదా, దానికీ సోయా తిండికీ, దానికీ కాల్షియం బిళ్ళకూ నాలుగు గంటల ఎడం ఉండాలి. లేకపోతే మాత్ర సరిగా ఒంటికి పట్టదు, థైరాయిడ్ సరిపోతోందో లేదో చెప్పే టీఎస్‌హెచ్ ఎందుకు పెరుగుతోందో మీకూ అర్థం కాదు, డాక్టరుకూ అర్థం కాదు.

ఇప్పుడు అసలు పని. మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్కల్లో ఆడవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి, ముట్లుడిగాక 1200. వినడానికి పెద్ద అంకెలా ఉంది గానీ మన పళ్ళెంలోకి తెస్తే అంత కష్టం కాదు. పొద్దున 60 గ్రాముల రాగిపిండితో జావో సంకటో చేసుకుంటే 200 దాటుతుంది. ఒక పెద్ద గ్లాసు పాలు 300. మధ్యాహ్నం, రాత్రి కలిపి ఒక పెద్ద గిన్నెడు గట్టి పెరుగు 250 పైనే. తోటకూర ఒక కట్ట, వలిస్తే 100 గ్రాములు వచ్చేది, అది 300 పైచిలుకు. పప్పులు, మునగాకు, కరివేపాకు పొడి కలిస్తే మిగతాది పూడిపోతుంది. పాలకూరను మాత్రం ఈ లెక్కలో వేసుకోకండి, అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. తిండితో ఎంత అందుతోందో చూసుకుని, తగ్గినంత మేరకే బిళ్ళ.

విటమిన్ డి పరీక్ష చేయించారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు. తిరుపతిలో ముట్లుడిగిన ఆడవాళ్లను పరీక్షించి 2005లో వెల్లడించినదాన్ని బట్టి, పదిమందిలో ఎనిమిదిమందికి అది చాలినంత లేదు. ఎండలకు పేరుపడ్డ ఊళ్లోనే అలా ఉంటే, ఇంట్లోంచి లిఫ్ట్, లిఫ్ట్‌లోంచి కారు, కారులోంచి ఏసీ ఆఫీసు అనే మన హైటెక్ సిటీ బతుకుల్లో ఎలా ఉంటుందో ఊహించుకోండి. తగ్గితే డాక్టరు వారానికొకటి 60 వేల యూనిట్ల సాషె రాస్తారు. వాళ్లు చెప్పిన వారాలే వేసుకోండి, మందుల షాపులో అడిగి ఏళ్ల తరబడి కొనసాగించకండి, ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలకు ముప్పు.

ఇక బరువులు. నడక గుండెకు మంచిది, మానకండి, కానీ ఎముకకు అది ఒక్కటే చాలదు. ఆస్ట్రేలియాలో ఎముకలు పలచబడిన 101 మంది పెద్ద వయసు ఆడవాళ్లతో వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, శిక్షకుల కళ్లెదుట బరువులు ఎత్తించారు. ఎనిమిది నెలల్లో నడుము ఎముక సాంద్రత 2.9 శాతం పెరిగింది, ఇంట్లో తేలికపాటి వ్యాయామం చేసినవాళ్లకు 1.2 శాతం తగ్గింది. 2017 నాటి ఈ ఫలితం ఏ బిళ్ళ పరీక్ష కన్నా నాకు నమ్మకం కలిగించింది. మీ కాలనీ జిమ్‌లో అన్నీ తెలిసిన ట్రైనర్ ఉంటే టీ స్కోర్ రిపోర్టు చూపించి మొదలుపెట్టండి. మందు అవసరమా కాదా అనేది మీ వయసు, మీ అమ్మగారికి తుంటి విరిగిందా, ఇదివరకు స్టెరాయిడ్లు వాడారా అన్నవి కూడా చూసి హార్మోన్ల డాక్టరు, అంటే ఎండోక్రైనాలజిస్టు చెప్తారు. ఆ అపాయింట్‌మెంట్ ఈ నెలలోనే తీసుకోండి.

ప్రశ్న: రోజూ పొద్దున గుప్పెడు అవిసె గింజలు నమిలి నీళ్లు తాగుతున్నా. ఏడాదైంది. ఎముకలు గట్టిపడి ఉంటాయంటారా? – మల్కాజ్‌గిరి

జవాబు: గట్టిపడవండి. అవిసెల్లో ఉండేవి లిగ్నాన్లు. పేగుల్లోని బాక్టీరియా వాటిని మార్చాక అవి కొద్దికొద్దిగా ఈస్ట్రోజెన్‌లా పని చేస్తాయి, నువ్వుల్లోనూ ఇదే జాతి పదార్థాలు ఉంటాయి. రోజుకు 40 గ్రాముల అవిసెలు ఏడాదిపాటు తినిపించిన ఒక పరీక్షలో ఎముక సాంద్రత మారలేదు. అయినా పీచు ఉంది, ఒమేగా 3 ఉంది, కొలెస్ట్రాల్‌కి మంచిది, మానేయమనను. కాకపోతే గింజగా మింగితే గింజగానే బయటికి పోతుంది. దోరగా వేయించి, ఎండుమిర్చి, వెల్లుల్లి, చింతపండు, ఉప్పు వేసి కారప్పొడి కొట్టుకోండి, వేడన్నంలో చెంచాడు చాలు. అవిసె చెట్టు ఆకు వేరు, ఈ గింజ వేరు. పేరొక్కటే అయినా రెండూ వేర్వేరు మొక్కలు. ఇద్దరు పాఠకులు ఆకు తెచ్చుకుని పొడి చేసుకున్నామని రాశారు కాబట్టి చెప్తున్నాను.

ప్రశ్న: అమ్మా, మా అత్తగారు ఊరి నుంచి వచ్చినప్పుడల్లా నల్లేరు తెచ్చి పచ్చడి చేస్తారు, విరిగిన ఎముకలు అతుక్కుంటాయంటారు. నాకు 49, ఈ ఏడే పీరియడ్స్ ఆగాయి. ఇది తింటే చాలా? కిందటిసారి నేను చేస్తే గొంతు ఒకటే దురద. – దిల్‌సుఖ్‌నగర్

జవాబు: నల్లేరు పచ్చడి అంటే నాకూ ప్రాణం. నల్లేరు మీద బండి నడక అని సామెతే ఉంది గానీ, ఆ కాడలు వలవడం మాత్రం అంత సులువు కాదు. మా అమ్మమ్మ అరచేతులకు నూనె రాసుకుని కూర్చునేది. కొస నుంచి రెండు మూడు కణుపుల దాకా, గోటితో గిల్లితే తెగే లేత కాడలు మాత్రమే తీసుకుని, కణుపుల దగ్గర విరిచి, నాలుగు అంచుల వెంట ఉన్న నారను కిందికి లాగేసేది. తర్వాత నువ్వులనూనెలో, పచ్చి రంగు పూర్తిగా పోయి కాడ ముడుచుకునేదాకా ఓపిగ్గా వేయించి, అప్పుడు చింతపండు బాగా దట్టించి నూరేది. మీకు గొంతు దురద పెట్టిందంటే ముదురు కాడలు పడ్డాయి, లేదా వేపు చాల్లేదు, లేదా చింతపండు తగ్గింది. నల్లేరులో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి, గుచ్చుకునేవి అవే. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు అందుకే దీని జోలికి పోకూడదు.

ఎముకల సంగతికొస్తే, సంస్కృతంలో దీన్ని అస్థిసంహారక అంటారు, అంటే ఎముకలను కలిపేది అని. అండాశయాలు తీసేసిన ఎలుకల్లో ఎముక కరగడాన్ని ఇది నెమ్మదింపజేసిందని పరిశోధనలున్నాయి. మనుషుల్లో చేసినవి చిన్నవి, కొద్ది నెలలవి. కాబట్టి అత్తగారు చేసిపెడితే సంతోషంగా తినండి, కానీ దానిమీద భారం వేసి కాల్షియం, డి, వ్యాయామం వదిలేయకండి. నల్లేరు క్యాప్సూళ్లు మాత్రం కొనకండి.

ప్రశ్న: నాకు 41. ముప్పై అయిదేళ్లకే గర్భసంచి తీసేసిన్రు. అప్పటిసంది ఒంట్లో వేడి, కీళ్లనొప్పులు. బరువు ఎత్తితే నడుం పట్టేస్తది. సోయాపాలు తాగితే ఈస్ట్రోజెన్ వస్తదని మా ఆడపడుచు చెప్పింది. తాగాల్నా? – ఉప్పల్

జవాబు: తల్లీ, మీ ఉత్తరం చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. మా పిన్నికి 33 ఏళ్లకు ఇలాగే ఒక నర్సింగ్‌హోమ్‌లో ఆపరేషన్ చేశారు. గర్భసంచితోపాటు రెండు అండాశయాలూ తీసేశారన్న మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. 46 ఏళ్లకు, వాకిట్లో జారి చెయ్యి ఆనిస్తే మణికట్టు విరిగింది. అప్పుడు పాత కాగితాలు వెతికితే తెలిసింది, పదమూడేళ్లుగా ఆమె ఒంట్లో ఈస్ట్రోజెన్ లేదని. నాకు ఇప్పటికీ కోపం పోలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16 లెక్కల్లో గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలే ముందున్నాయి. కాబట్టి ఇది మీ ఒక్కరి కథ కాదు.

మీరు ఈ పని చేయండి. డిశ్చార్జి కాగితం బయటికి తీయండి. అందులో బైలేటరల్ సాల్పింగో ఊఫరెక్టమీ అని గానీ, బీఎస్ఓ అని గానీ ఉంటే రెండు అండాశయాలూ తీసేశారన్నమాట. కాగితం దొరక్కపోతే ఒక స్కాన్, అండాశయాలు పని చేస్తున్నాయో లేదో చెప్పే ఎఫ్‌ఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయిస్తే తెలిసిపోతుంది. అండాశయాలు ఉంచినా కొందరిలో అవి మామూలు కన్నా ముందే పని మానేస్తాయి, అందుకే పరీక్ష తప్పదు.

45 ఏళ్ల లోపు ఈస్ట్రోజెన్ ఆగిపోయినవాళ్లకు, రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డలు కట్టడం లాంటి అడ్డంకులు లేకపోతే, మామూలుగా ముట్లుడిగే వయసు దాకా హార్మోన్ మందులు ఇవ్వడమే సరైన వైద్యం. హార్మోన్లంటే క్యాన్సర్ అని 2002లో వచ్చిన అమెరికా పరిశోధన చూసి భయపెట్టేవాళ్లుంటారు. అందులో ఉన్నవాళ్లు 50 నుంచి 79 ఏళ్ల వాళ్లు, సహజంగా ముట్లుడిగినవాళ్లు, మీ పరిస్థితి వేరు. పైగా ఆ పరిశోధనలోనే తుంటి ఎముక విరగడం మూడో వంతు తగ్గింది. సోయాపాలు తాగాలనిపిస్తే తాగండి, ప్రోటీన్ వస్తుంది, కానీ పోయిన అండాశయాల పని అది చేయలేదు. గైనకాలజిస్టు దగ్గరికి ఈ పేజీ పట్టుకునే వెళ్లండి. డెక్సా స్కాన్ రాయమని మీరే అడగండి, సిగ్గుపడకండి.

ప్రశ్న: రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయ్యి మూడేళ్లు, లెట్రజోల్ వాడుతున్నాను. మీల్‌మేకర్ తినొచ్చా, భయంగా ఉంది. – సికింద్రాబాద్

జవాబు: తిండిగా తినొచ్చు. షాంఘైలో రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గిన ఐదువేల మందికి పైగా ఆడవాళ్లను గమనించి 2009లో చెప్పినదాన్ని బట్టి సోయా తినేవాళ్లలో క్యాన్సర్ తిరగబెట్టడం, మరణాలు తక్కువే ఉన్నాయి తప్ప ఎక్కువ లేవు. ఐసోఫ్లేవోన్ల బిళ్ళలు మాత్రం మీరు అస్సలు వేసుకోకూడదు. అయితే మీరు అడగని సంగతి ఒకటి నేను చెప్పాలి. లెట్రజోల్ ఒంట్లో మిగిలిన ఆ కాస్త ఈస్ట్రోజెన్‌నీ ఆపేస్తుంది, దాని పనే అది, కాబట్టి ఎముక వేగంగా కరుగుతుంది. ఈ మూడేళ్లలో మీకు డెక్సా తీశారా? తీయకపోతే వచ్చేసారి వెళ్లినప్పుడు మొదటి మాట అదే అడగండి. లెట్రజోల్ మీ అంతట మీరు ఆపకండి.

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు, పెళ్లయ్యాక ఎల్బీనగర్ వచ్చేసినం. వయసు 56. డెక్సాలో టీ స్కోర్ ప్లస్ 1.8, ఎముకలు ఉక్కులెక్క ఉన్నాయన్నరు. మరి నడుము, మెడ ఎందుకింత పట్టేసినట్టుంటయి? – ఎల్బీనగర్

జవాబు: చిన్నప్పుడు తాగిన బోరు నీళ్ల సంగతి డాక్టరుకు చెప్పారా? నల్గొండ నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలో చేరితే అది స్కాన్‌లో దట్టంగా కనిపిస్తుంది, కానీ ఆ ఎముక పెళుసు. 1990లో అమెరికాలో ఎముకలు గుల్లబారిన ఆడవాళ్లకు ఫ్లోరైడే మందుగా ఇచ్చి చూశారు. నాలుగేళ్లలో వెన్నెముక సాంద్రత 35 శాతం పెరిగింది, వెన్నుపూసలు విరగడం మాత్రం తగ్గలేదు, మిగతా ఎముకలు విరగడం ఇంకా పెరిగింది. కాబట్టి మీ విషయంలో ప్లస్ 1.8 చూసి ఊరట పడొద్దు. ముంజేయి, వెన్ను ఎక్స్‌రేలు తీయించండి, అనుభవమున్న రేడియాలజిస్టు చూస్తే ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల జబ్బు, ఉందో లేదో చాలావరకు తేలిపోతుంది. మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష కూడా ఉంది. రోజుకు ఐదారు కప్పుల చాయ్ తాగే అలవాటుంటే తగ్గించండి, తేయాకులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది. మీకు కాల్షియం, విటమిన్ డి తక్కువ కాకుండా చూసుకోవడం అందరికన్నా ఎక్కువ అవసరం, అవి తక్కువైతే ఫ్లోరైడ్ చేసే చెరుపు ఇంకా ముదురుతుంది.

ప్రశ్న: ప్రూన్స్ తింటే ఎముకలకు మంచిదని యూట్యూబ్‌లో చూశా, బేగంబజార్‌లో కిలో తెచ్చా. ఎన్ని తినాలి? – అత్తాపూర్

జవాబు: రోజుకు ఐదారు, అంటే 50 గ్రాములు. అమెరికాలో ఏడాదిపాటు చేసిన, 2022లో వెలువడిన పరీక్షలో అంత తిన్నవాళ్లకు తుంటి ఎముక తగ్గకుండా నిలిచింది, తిననివాళ్లకు ఒక శాతం పైన తగ్గింది. నడుము దగ్గర తేడా రాలేదు. 100 గ్రాములు తినమన్న జట్టులో చాలామంది తినలేక మధ్యలోనే మానేశారు. ఆ పరీక్షకు డబ్బిచ్చింది కాలిఫోర్నియా ప్రూన్ రైతుల బోర్డు అన్నది కూడా గుర్తుంచుకోండి. తెచ్చుకున్నారు కాబట్టి తినండి. షుగర్ ఉంటే మాత్రం డాక్టర్ని అడిగే మొదలుపెట్టండి.

ప్రశ్న: మా అత్తమ్మకు 70 ఏళ్లు. రెండేళ్లలో బాగా వంగిపోయింది, చీర కుచ్చిళ్లు నేలకు తగులుతున్నాయి, ఇదివరకు అదే చీర సరిగ్గా సరిపోయేది. రోజూ చిమ్మిలి తింటాను, నువ్వుల్లో అన్నీ ఉన్నాయి, గోలీలు నాకొద్దు అంటుంది. ఎట్లా ఒప్పించాలి? – బోడుప్పల్

జవాబు: చీర సంగతి గమనించారు చూడండి, అది ఏ రిపోర్టు కన్నా పెద్ద ఆధారం. ఎత్తు అంతలా తగ్గిందంటే వెన్నుపూసలు ఒకటో రెండో ఇప్పటికే నొక్కుకుపోయి ఉండొచ్చు. వెన్నుపూస విరిగితే ప్రతిసారీ పెద్ద నొప్పి రాదు, చాలామంది వయసు మీదపడి వంగిపోయాం అనుకుంటారు. వెన్ను పక్క నుంచి ఎక్స్‌రే తీయించండి. పూస విరిగినట్టు తేలితే టీ స్కోర్ ఎంతున్నా అది ఆస్టియోపోరోసిసే, మందు తప్పనిసరి. ఒక పూస విరిగినవాళ్లకు ఇంకొకటి విరిగే ప్రమాదం బాగా పెరుగుతుంది.

చిమ్మిలి మానిపించకండి. నువ్వుల్లో 100 గ్రాములకు 1200 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంది, పొట్టులోని ఆక్సలేట్ల వల్ల అందులో కొంతే ఒంటికి పడుతుంది, అయినా మంచి తిండే. గోలీలే వద్దంటున్నారు కాబట్టి ఆమెతో ఇలా చెప్పి చూడండి: అత్తమ్మా, రోజూ కాదు, వారానికి ఒక్కటే. ఎముక కరగడాన్ని నెమ్మదింపజేసే అలెండ్రొనేట్ అనే మందు అలాగే ఉంటుంది. ఆదివారం పొద్దున లేవగానే పరగడుపున, చాయ్ కూడా తాగకముందు, గ్లాసు నిండా మంచినీళ్లతో మింగి, అరగంట సేపు పడుకోకుండా కూర్చోవాలి, లేదా ఇంట్లోనే అటూ ఇటూ తిరగాలి. పడుకుంటే ఆహారనాళంలో పుండు పడుతుంది. వంగిపోయిన మనిషికి అరగంట నిటారుగా కూర్చోవడం కష్టమైతే, ఏడాదికొకసారి సెలైన్‌లో పెట్టి ఎక్కించే జొలెడ్రోనిక్ యాసిడ్ ఉంది, ముందు కిడ్నీ పరీక్ష, విటమిన్ డి చూసి ఇస్తారు. ఆరు నెలలకోసారి ఇచ్చే డెనోసుమాబ్ ఇంజెక్షన్ రాస్తే మాత్రం తేదీ క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి, మధ్యలో ఆపేస్తే ఎముక ఒక్కసారిగా కరిగి పూసలు వరసగా విరిగే ప్రమాదం ఉంది.

ఈలోపు ఆమెను బియ్యం బస్తా జరపనివ్వకండి, వంగి ముగ్గు వేయనివ్వకండి. బాత్రూంలో పట్టుకోవడానికి గోడకు ఒక కడ్డీ పెట్టించండి, రాత్రి లేచే దారిలో చిన్న లైటు వెలిగించి ఉంచండి. ఎక్స్‌రే వచ్చాక రిపోర్టులో ఏం రాశారో నాకు రాయండి, వచ్చే సంచికలో దాని గురించే మాట్లాడుకుందాం.